అమ్మ ఎన్నడూ తినని వంటలు

నాన్న బొంబాయి నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే అమ్మ అడిగే మొదటి మాట, “ఏం తిన్నారు?” అని. పక్కింటివాళ్ళు వింటే, ప్రయాణంలో మనిషికి సరైన తిండి దొరికిందో లేదోనని కంగారు పడుతోంది అనుకునేవారు. మా ఇంట్లో ఆ ప్రశ్నకి అర్థం వేరు.

నాన్న నూజివీడులో మామిడికాయల వ్యాపారి. ఎండలు ముదిరేసరికి రెడ్డిగూడెం వైపు తోటల నుంచి మా కొట్టుకి కాయ వచ్చేది. వరిగడ్డి పరిచిన చెక్కపెట్టెల్లో సర్దించి, లారీలకెత్తించి, వాటి వెనకే తను రైల్లో బొంబాయి వెళ్ళేవాడు. ఒక్కో ఏడు కలకత్తాకి కూడా. బొంబాయిలో మా కాయ అమ్మిపెట్టే ఏజెంటు ఒక గుజరాతీ ఆయన. వాళ్ళింట్లోనూ మాలాగే గుడ్డు, మాంసం ముట్టరు. అందుకని ఆయన ఏ హోటలుకి రమ్మన్నా నాన్న నిశ్చింతగా వెళ్ళేవాడు. ఇటలీ వంటలూ రష్యా వంటలూ గుడ్డు, మాంసం కలవకుండా చేసిపెట్టే హోటళ్ళు ఆ ఊళ్ళో చాలా ఉండేవట.

అమ్మది బాపులపాడు దగ్గర పల్లె. ఆమె చూసిన పెద్ద ఊరు బెజవాడ. అదీ పెళ్ళిళ్ళకి చీరలు కొనడానికి వెళ్ళినప్పుడు.

నేను నాలుగో తరగతి చదువుతున్నప్పుడు మొదలైందిది. ఆ ఏడు నాన్న వచ్చి, కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చుంటూ, “మెకరోనీ అని పెట్టించాడే,” అన్నాడు.

“అంటే ఏంటండీ?”

“మైదాపిండితో చేస్తారంట. గొట్టాల్లా ఉంటాయి. మెత్తగా జారిపోతాయి నోట్లో.”

“గొట్టాలంటే ఎంత లావు?”

నాన్న చిటికెన వేలు చూపించాడు. “ఇంతకన్నా సన్నం. లోపల బోలుగా ఉంటుంది.”

“కారంగా ఉందా?”

“కారం లేదు. ఉప్పుప్పగా, కమ్మగా ఉంది. పైన ఎర్రగా కాలింది. లోపలంతా తెల్లగా పాయసంలా ఉంటుంది. అంటే పాయసం కాదనుకో, తీపి ఉండదుగా. చెంచాతో ఎత్తితే తీగ సాగుతుంది.”

“తీగా? పాకంలాగానా?”

“పాకంలాగా కాదే. ఏమో, నాకు చెప్పడం రాదు. బాగుంది.”

నిజంగానే నాన్నకి చెప్పడం రాదు. కాయ గురించి అడిగితే గంటసేపు మాట్లాడేవాడు కానీ, తిన్నదాన్ని మాటల్లో పెట్టమంటే తడుముకునేవాడు. అమ్మ ఆ తడుములాటలోంచే వంట ఏరుకునేది. వడ్డిస్తూ ఒక ప్రశ్న, మజ్జిగ పోస్తూ ఒక ప్రశ్న, తమలపాకులు అందిస్తూ ఇంకొకటి. వాసన ఎలా ఉంది, వేడిగా పెట్టారా చల్లగానా, నమిలితే పళ్ళకి తగిలిందా, తిన్నాక దాహం వేసిందా. ఆ చివరి ప్రశ్న ఉప్పు సంగతి తేల్చడానికని నాకు చాలా కాలానికి అర్థమైంది.

తర్వాత కొన్నాళ్ళు ఏమీ జరగలేదు. ఒక రోజు నేను బడి నుంచి వచ్చేసరికి అమ్మ పెరటి అరుగు మీద కూర్చుని, మైదాపిండి ముద్దని కొబ్బరి ఈనెకి చుట్టి, నెమ్మదిగా లాగి, గుడ్డ మీద ఆరబెడుతోంది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. నేను లాగినవన్నీ చిరిగిపోయాయి. “తడి చేసుకో ఈనెని,” అంది. ఇద్దరం కలిసి గుడ్డ నిండా గొట్టాలు చేశాం.

తీగ సాగడమే ఆమెకి చిక్కుముడి అయింది. మీగడ సాగదు. గుడ్డలో వేలాడగట్టిన పెరుగు సాగదు. చివరికి సగ్గుబియ్యం చిక్కగా ఉడికించి, మీగడా కట్టిన పెరుగూ కలిపి, మిరియాలు దంచి వేసింది. ఉడికిన గొట్టాల మీద అది పోసి, దిబ్బరొట్టెకి పెట్టినట్టు కుంపటి మీద పెట్టి, మూత మీద కూడా నిప్పులు పోసింది. మూత తీస్తే పైన ఎర్రగా పెచ్చు కట్టింది. చెంచా దింపి ఎత్తితే, సన్నటి తీగ.

నాన్న తిన్నాడు. మేమందరం ఆయన మొహం చూస్తూ నిలబడ్డాం. “అచ్చం ఇదేనే!” అన్నాడు.

నాన్న అబద్ధమాడాడని నేను ఇప్పటికీ అనుకోను. బొంబాయిలో తిన్నది అప్పటికి నాలుక మీద నుంచి చెరిగిపోయి ఉంటుంది. దాని చోట అమ్మ చేసింది వచ్చి కూర్చుంది.

నాయనమ్మకి మాత్రం ఇదంతా గిట్టలేదు. “ఎవరో తెలీని దేశంవాళ్ళ తిండి మనకెందుకే, వంటింట్లోకి తేవద్దు,” అంది. అమ్మ కుంపటి పెరటి వైపు రేకుల పంచలోకి మార్చుకుంది. అప్పటి నుంచి ఆ పంచ మాకు బొంబాయి అయింది. “అమ్మ బొంబాయిలో ఉందా, వంటింట్లో ఉందా?” అని నేనూ తమ్ముడూ అడిగేవాళ్ళం.

తర్వాత ఏళ్ళలో ఆ పంచలోకి చాలా దేశాలు వచ్చాయి. నాన్న కలకత్తాలో చైనావాళ్ళ నూడుల్స్ తిని వస్తే, అమ్మ బియ్యప్పిండి ఉడకబెట్టి జంతికల గొట్టంతో వేడినీళ్ళలోకి వత్తింది. అందులో వేసే నల్లటి ఉప్పునీళ్ళ కోసం బెల్లం మాడబెట్టి, ఆవకాయ జాడీలో పైకి తేలిన ఊట కలిపింది. పుల్లటి నీళ్ళేవో చల్లుతారని నాన్న అంటే పచ్చి మామిడికాయ రసం పిండింది. పిజ్జా సంగతి చెబితే పుల్లపెరుగుతో పిండి పొంగించి రొట్టె కాల్చి, టమాటాలు మగ్గబెట్టి పరిచి, మీద ఆ సగ్గుబియ్యం మీగడ పోసింది. అన్నిటికన్నా మాకు ఇష్టమైంది ‘ఆపిల్ పై’ అనే తీపి వంటకం. “పళ్ళెం అంత కజ్జికాయ అనుకో, లోపల ఆపిల్ ముక్కలు,” అన్నాడు నాన్న. ఆపిల్ పళ్ళు మా ఊళ్ళో జబ్బు చేసినవాళ్ళకే కొనేవారు. అమ్మ దోరగా ఉన్న కలెక్టర్ రకం మామిడికాయ తరిగి, బెల్లం, దాల్చిన చెక్క వేసి మగ్గించింది. మూకుడంత కజ్జికాయ చేసి నిప్పుల మధ్య కాల్చింది. అది కోసినప్పుడు పంచలోంచి వీధి దాకా వాసన వచ్చేది.

ఆ వాసనకే మా వీధిలోవాళ్ళు రావడం మొదలుపెట్టారు. “ఏమండీ, ఇవాళ ఏ దేశం?” అని గోడ అవతలి నుంచి అడిగేవారు. అమ్మకి సిగ్గు, సంతోషం రెండూను. చిన్న గిన్నెల్లో పెట్టి పంపేది. పేరు కూడా చెప్పి పంపేది నాతో. “మెకరోనీ అను. ఇటలీది అని చెప్పు.” నేను గడప గడపకీ ఆ పేర్లు మోసుకుపోయేదాన్ని.

ఒకసారి కొత్తగా బదిలీ మీద వచ్చిన బ్యాంకు మేనేజరుగారి భార్య మా ఇంటికొచ్చింది. వాళ్ళు పదేళ్ళు బొంబాయిలో ఉండి వచ్చారని తెలిసి అమ్మ తెల్లవారగానే పంచలో చేరింది. పిజ్జా, ఆపిల్ పై రెండూ చేసింది. ఆవిడ చెంచాతో కొంచెం కొంచెం తుంచుకుని తింది. “ఇలాంటిది నేనెక్కడా తినలేదండీ,” అంది నవ్వుతూ. అమ్మ ఆ మాట వారం రోజులు తలుచుకుంది. నాన్న రాగానే మొదట అదే చెప్పింది. నాన్న తనకే మెచ్చుకోలు దక్కినట్టు పొంగిపోయాడు.

“నిన్నొకసారి తీసుకెళ్ళి అసలుది తినిపిస్తానే,” అనేవాడు ఎప్పుడూ. అమ్మ నవ్వి ఊరుకునేది. ఆయన వెళ్ళేది కాయ ఉన్నప్పుడు. కాయ ఉన్నప్పుడు కొట్లో పనివాళ్ళందరికీ మా ఇంట్లోనే భోజనాలు, అమ్మ కదలడానికి లేదు. కాయ అయిపోయాక వెళ్ళడానికి పని లేదు. అలా ఏళ్ళు గడిచాయి.

నేను పదో తరగతి పరీక్షలు రాసిన ఏడు పెద్ద గాలివాన వచ్చి తోటల్లో కాయంతా నేల రాలింది. మిగిలింది కాస్తా నెల తిరక్కుండానే అయిపోయింది. అదే సమయానికి గుజరాతీ ఏజెంటు కూతురి పెళ్ళి శుభలేఖ వచ్చింది. నాన్న ఈసారి ఊగిసలాడలేదు. “ముగ్గురం వెళ్తున్నాం,” అన్నాడు. చిన్నవాడని తమ్ముణ్ణి నాయనమ్మ దగ్గర ఉంచారు.

అమ్మ రెండు పట్టుచీరలు సర్దుకుంది. వాళ్ళకి ఇవ్వడానికి మాగాయ పట్టుకుంది. బెజవాడలో రైలెక్కి సికింద్రాబాదులో మారాం. దారంతా అమ్మ కిటికీ దగ్గరే కూర్చుంది. అంత ఉత్సాహంగా ఆమెని నేను మళ్ళీ చూడలేదు. “గొట్టాలు ఒక్కొక్కటీ ఎలా చేస్తారో చూడనిస్తారంటారా?” అని అడిగింది నాన్నని. “అడుగుదాంలే,” అన్నాడాయన.

పెళ్ళయిన మర్నాడు ఏజెంటుగారు తన భార్యతో, పెద్దకొడుకుతో కలిసి మమ్మల్ని సముద్రం ఎదురుగా ఉన్న హోటలుకి తీసుకెళ్ళారు. లోపల చల్లగా ఉంది. బల్ల మీద తెల్లటి గుడ్డ, పువ్వులా మడిచిన చేతిరుమాళ్ళు. నాన్న మెనూ చూడకుండానే అన్నీ చెప్పాడు. మెకరోనీ, పిజ్జా, చివర్లో ఆపిల్ పై. అమ్మ కేసి తిరిగి, “చూడు,” అన్నాడు.

మెకరోనీ వచ్చింది. అమ్మ ముందు వాసన చూసింది. చెంచాతో ఎత్తింది. తీగ సాగింది. మూరెడు సాగింది, తెగకుండా. అమ్మ ఆ తీగని వేళ్ళతో పట్టుకుని నలిపి చూసింది. తర్వాత నోట్లో పెట్టుకుంది. నేనూ తిన్నాను. ఘాటైన ఉప్పటి వాసన, నేనెప్పుడూ ఎరగని రుచి. బాగుంది. మా ఇంట్లో తిన్నదానికీ దీనికీ పేరు ఒక్కటే, ఇంకేమీ కలవలేదు.

“ఎలా ఉందే?” అన్నాడు నాన్న.

“బాగుందండీ,” అంది అమ్మ. “ఈ సాగేది దేంతో చేస్తారు?” అని అడిగింది.

నాన్న ఆ ప్రశ్నని హిందీలో ఏజెంటుగారికి చెప్పాడు. ఆయన చెప్పింది మళ్ళీ తెలుగులో అమ్మకి చెప్పాడు. “పాలతోనేనంట. విరగ్గొట్టి, నెలల తరబడి మాగబెడతారంట.”

“నెలల తరబడా!” అంది అమ్మ. తర్వాత చిన్నగా, తనలో తను అనుకుంటున్నట్టు అంది. “నేను సగ్గుబియ్యం వేశాను.”

ఆ మాట నాన్నకి ముద్దొచ్చింది. అంతే. ఇంకో ఉద్దేశం లేదాయనకి. భార్య తెలివి నలుగురికీ చెప్పుకోవాలన్న మురిపెంతో ఆ మాట కూడా హిందీలోకి మార్చి చెప్పేశాడు. పంచలో కుంపటి, కొబ్బరి ఈనెలు, ఆవకాయ ఊట, కలెక్టర్ కాయ, అన్నీ చేతులు తిప్పుతూ వివరంగా చెప్పాడు. వాళ్ళు ముగ్గురూ నవ్వారు. చెడ్డగా నవ్వలేదు, ఇష్టంగానే నవ్వారు. ఏజెంటుగారి కొడుకు మాత్రం కళ్ళు తుడుచుకునేంత నవ్వాడు. నాన్న కూడా వాళ్ళతో కలిసి నవ్వుతూ అమ్మ వైపు చూశాడు. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.

అమ్మకి హిందీ రాదు. కానీ తను ‘సగ్గుబియ్యం’ అన్న తర్వాతే నవ్వారని తెలియడానికి హిందీ అక్కర్లేదు. ఆమె కూడా నవ్వింది, మర్యాదకి. పళ్ళెంలో పెట్టిందంతా తింది. పిజ్జా తింది. ఆపిల్ పై వస్తే, చిన్న ముక్క తిని, “కడుపు నిండిందండీ,” అంది. గొట్టాలు ఎలా చేస్తారో చూడాలని అడగలేదు. నాన్నే గుర్తు చేశాడు. “వద్దులెండి, వాళ్ళ పనికి అడ్డం,” అంది.

తిరుగు ప్రయాణంలోనూ అమ్మ కిటికీ దగ్గరే కూర్చుంది. రైలు షోలాపూరు దాటాక అమ్మ ఉన్నట్టుండి అంది. “ఆవిడ ఆ రోజు ఎందుకు నవ్విందో ఇప్పుడు తెలిసిందండీ.”

“ఎవరు?”

“మేనేజరుగారి భార్య. ఇలాంటిది ఎక్కడా తినలేదంది కదా. నిజమే చెప్పింది పాపం.”

“ఛ, అలా ఎందుకనుకుంటావ్? బాగుందనే కదా అంది.”

“మీరైనా చెప్పాల్సిందండీ. ఇన్నేళ్ళు తిన్నారు. అది ఇది కాదని మీకు తెలీదా?”

“నాకు నువ్వు చేసిందే ఇష్టమే,” అన్నాడు నాన్న. “ఒట్టు. హోటల్దాని కన్నా నీదే బాగుంటుంది.”

“ఇష్టం సంగతి కాదు. పేరు పెట్టి ఊరంతా పంచాను కదండీ. ఇటలీది, చైనాది అని.” అమ్మ గొంతులో కోపం లేదు. ఉంటే నాన్నకి కొంచెం తేలిగ్గా ఉండేది. కొంగుతో కిటికీ ఊచల మీది బొగ్గునుసి తుడుస్తూ కూర్చుంది.

ఇంటికొచ్చాక అమ్మ మామూలుగానే వండింది, వడ్డించింది. వీధిలోవాళ్ళు బొంబాయి కబుర్లు అడిగితే సముద్రం గురించీ, పెళ్ళిలో గుజరాతీ ఆడవాళ్ళు కట్టిన చీరల గురించీ చెప్పింది. కుంపటి మాత్రం పంచలోంచి కొట్లోకి పంపేసింది, పనివాళ్ళు టీ కాచుకోవడానికి. పంచలో వంటచెరుకు పేర్చారు.

నేను అడిగాను ఒకసారి. సెలవు రోజు, వాన పడుతోంది. “అమ్మా, పిజ్జా చెయ్యవా?”

“అది పిజ్జా కాదుగా,” అంది.

“మరేంటది?”

“ఏమీ కాదు. తెలీక చేశాను. తెలిశాక ఎలా చేస్తానమ్మా?”

“పేరేదైతే ఏంటి, మాకు అదే కావాలి.”

“పకోడీలు వెయ్యనా?” అంది. వేసింది. చాలా బాగున్నాయి.

అందరికన్నా ఆశ్చర్యం కలిగించింది నాయనమ్మ. ఆ శీతాకాలం ఆవిడ మంచం పట్టింది. ఏం పెట్టినా వద్దనేది. ఒక రోజు అమ్మని పిలిచి, “ఆ మామిడికాయ పెద్ద కజ్జికాయ చేసేదానివే, అది చెయ్యి,” అంది. అప్పుడు తెలిసింది, మేం ఎవరూ చూడకుండా ఆవిడ కూడా ఆ ముక్కలు తినేదని. అమ్మ కళ్ళు చెమర్చాయి. “ఇప్పుడు కాయ లేదత్తయ్యా, చిన్నవి చేస్తాను,” అని కొబ్బరితో మామూలు కజ్జికాయలు చేసింది. నాయనమ్మ ఒకటి సగం కొరికి పక్కన పెట్టింది. మళ్ళీ కాయ వచ్చేదాకా ఆవిడ ఉండలేదు.

నాన్న లోలోపల నలిగిపోయాడు. నాతో మాత్రం ఒకసారి అన్నాడు, కొట్లో పెట్టెల మధ్య కూర్చుని. “ఆ ఒక్క మాట హిందీలో చెప్పకుండా ఉండాల్సింది. అసలు తీసుకెళ్ళకుండా ఉండాల్సింది. ఇక్కడ చక్కగా చేసుకుంటోంది.”

“తీసుకెళ్తానని నువ్వు అన్నావు కదా నాన్నా. తీసుకెళ్ళకపోతే అదో బాధ ఉండేది.”

“అదే,” అన్నాడు. “ఎటు చూసినా ఇంతే.”

మరుసటి ఏడు కాయకి బొంబాయి వెళ్ళి వచ్చినప్పుడు, అమ్మ ఏమీ అడక్కముందే భోజనం దగ్గర తనే మొదలుపెట్టాడు. “ఈసారి కొత్త వంట తిన్నానే. గ్రీసు దేశందంట. లేత గుత్తివంకాయల్ని నాలుగు పక్షాలుగా చీల్చి, లోపల విరిచిన పాలముద్ద, వేయించిన జీడిపప్పు కూరతారు. మట్టిమూకుట్లో పేర్చి, మీద కొబ్బరిపాలు పోసి, సన్నటి సెగ మీద మగ్గిస్తారు. దించేముందు పుల్లటి మామిడికాయ తురుము చల్లుతారు. ఆ తురుము వేడికి సగం కరిగి, సగం కరకరలాడుతూ...”

నేను అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి విన్నాను. నాన్న ఎప్పుడూ అంత బాగా ఏదీ చెప్పలేదు. ఒక్కచోట తడుముకోలేదు. రైల్లో బొంబాయి నుంచి నూజివీడు దాకా అదే కూర్చుకుంటూ వచ్చి ఉంటాడు.

అమ్మ ఆయన మొహం కేసి చూస్తూ మొత్తం వింది. ఒక్క క్షణం ఆమె కళ్ళలో పాత ఆరా కదిలినట్టే అనిపించింది నాకు.

“గ్రీసులో మామిడికాయలుంటాయాండీ?” అంది.

నాన్న పోపు పెట్టిన మజ్జిగ గిన్నె దగ్గరికి జరుపుకుని, “ఏమో, ఇక్కడి నుంచే పంపుతారేమో,” అన్నాడు చివరికి.

అమ్మ నవ్వింది. ఆ నవ్వులో ప్రేమ ఉంది, చాలా ఉంది. ఆయన ఎందుకలా కల్పించాడో ఆమెకి అక్షరం అక్షరం అర్థమైంది. ఆయన పళ్ళెంలోకి ఇంకాస్త అన్నం వడ్డించి, “పప్పు వేసుకోండి, చల్లారిపోతోంది,” అంది. ఆ వంకాయ కూర ఆమె ఎప్పుడూ చెయ్యలేదు.

నేను చదువుకోడానికి బెజవాడ హాస్టలుకి వెళ్ళాను. అక్కడ అమ్మాయిలు ఇళ్ళ నుంచి తెచ్చుకున్నవి పంచుకునేవారు. నా డబ్బాలో జంతికలు, కాజాలు ఉండేవి. మా అమ్మ మామిడికాయతో ఆపిల్ పై చేసి నిప్పుల మధ్య కాల్చేదని చెబితే ఎవరూ నమ్మలేదు. ఒక సెలవుల్లో నేనే చేద్దామని కూర్చున్నాను. కాయ ఎంత దోరగా ఉండాలో, పిండిలో నెయ్యి ఎంతో, నిప్పులు ఎప్పుడు తియ్యాలో తెలీదు. అడుగంటింది. అమ్మ వచ్చి చూసి, మూకుడు తీసుకెళ్ళి నానబెట్టింది. సాయం చెయ్యమని నేను అడగలేదు, చేస్తానని ఆమె అనలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి మా ఊళ్ళో కొట్లలోకి కూడా నూడుల్స్ ప్యాకెట్లు వచ్చాయి. తమ్ముడు ఒకటి కొనుక్కొచ్చాడు. నేను ఆ పూట ఇంట్లోనే ఉన్నాను. అమ్మ ప్యాకెట్టు వెనక్కి తిప్పి, దాని మీద తెలుగులో రాసింది కూడబలుక్కుంటూ చదివింది. గ్లాసుతో నీళ్ళు కొలిచింది. గోడ గడియారం వైపు చూస్తూ పొయ్యి దగ్గర నిలబడింది. చెప్పిన టైముకి దించి, పొట్లంలో ఉన్న మసాలా చింపి మొత్తం వేసింది. కొత్తిమీర వెయ్యబోయి, ప్యాకెట్టు మళ్ళీ ఒకసారి చూసి, మానేసింది.

తమ్ముడు గబగబా తినేశాడు. “సరిగ్గా వచ్చిందా?” అని అడిగింది అమ్మ.

“ఆ, ప్యాకెట్టు మీద బొమ్మలాగే ఉంది,” అన్నాడు వాడు.

అమ్మ తృప్తిగా తల ఊపి, గిన్నె కడగడానికి తీసుకెళ్ళింది.